కడుపుకోత చాలదన్నట్టు...

పోయిన బిడ్డను ఏ డాక్టరూ తెచ్చివ్వలేరు. ఆ సంగతి తల్లికీ తెలుసు. ఆమె కోరుకునేది మెత్తగా ఓ మాట, మంచానికి ఓ తెర, పక్కన తనవాళ్లు ఒకరు... అంతే. పెద్దగా ఖర్చులేని ఆ కాస్త ఓదార్పే మన ఆసుపత్రుల్లో చాలాచోట్ల దొరకడం లేదు!

స్కానింగ్ గదిలో లైటు తీసేశారు. పొట్టమీద చల్లటి జెల్ రాశారు. ఆమె కళ్లు తెరమీదే ఉన్నాయి. పోయినసారి అక్కడే కదా, మినుకు మినుకుమంటూ చిన్న చుక్క కనిపించింది! డాక్టరు అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు. కాసేపటికి తెరను తనవైపు తిప్పుకున్నారు. ఏమీ మాట్లాడరు. పక్కన కంప్యూటరు దగ్గర కూర్చున్న అమ్మాయికి మాత్రం ఇంగ్లిషులో ఏదో చెప్పారు.

'ఏమైంది డాక్టరుగారూ?'

'హార్ట్‌బీట్ లేదమ్మా. మీ మేడమ్‌కి చూపించుకో. రిపోర్టు బయట ఇస్తారు. నెక్ట్స్...'

చీర సర్దుకుని బయటికొస్తే బెంచీల మీద నిండు పొట్టలతో మరో పదిమంది. వాళ్ల మధ్యే కూర్చుని రిపోర్టు కోసం ఎదురుచూడాలి. 'నీకు ఎన్నో నెలమ్మా?' అని పక్కావిడ ఆప్యాయంగా అడిగితే ఏమని చెప్పాలి?

ఇది ఏ ఒక్కరి కథో కాదు. ఊరు మారినా, ఆసుపత్రి మారినా కడుపు పోయిన ఆడవాళ్ల మాటల్లో మళ్లీ మళ్లీ వినిపించేదే. బిడ్డ పోయిన బాధ ఒకటైతే, ఆ సమయంలో ఆసుపత్రిలో ఎదురైన తీరు మరొకటి. బిడ్డ పోవడం ఒక్కోసారి ఎవరి చేతుల్లోనూ ఉండదు. ఆ రెండోది మాత్రం పూర్తిగా మనుషుల చేతుల్లో ఉన్నదే.

అరుదేమీ కాదు

మన ఇళ్లలో దీని గురించి పైకి మాట్లాడుకోం కాబట్టి ఎవరికో ఒకరికి జరుగుతుందనుకుంటాం. లెక్కలు చూస్తే గుండె గుభేలుమంటుంది. వైద్యపత్రిక లాన్సెట్ 2021లో ప్రచురించిన అంచనా ప్రకారం ప్రపంచవ్యాప్తంగా ఏటా 2.3 కోట్ల గర్భస్రావాలు జరుగుతున్నాయి. అంటే నిమిషానికి 44! గర్భం వచ్చిందని తెలిశాక సుమారు 15 శాతం మందికి అది నిలవదు. ప్రతి ఏడుగురిలో ఒకరన్నమాట.

ఏడు నెలలు దాటాక, ఇక ఇవాళో రేపో అనుకుంటున్నప్పుడు కడుపులోనే ప్రాణం పోయే బిడ్డల సంగతి వేరు. ఐక్యరాజ్యసమితి సంస్థలు 2020లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2019లో ప్రపంచంలో దాదాపు 20 లక్షలమంది శిశువులు ఇలా ఊపిరి లేకుండా పుట్టారు. ప్రతి 16 సెకన్లకు ఒకరు. ఒక్క మనదేశంలోనే ఆ ఏడాది 3.4 లక్షలమంది. సంఖ్యలో ప్రపంచంలో మనదే మొదటిస్థానం. ఈ మరణాల్లో 40 శాతానికి పైగా కాన్పు సమయంలోనే జరుగుతున్నాయనీ, మంచి వైద్యం అందితే వాటిలో చాలావరకూ ఆపవచ్చనీ అదే నివేదిక చెప్పింది.

ఇంతమంది తల్లులు ఏటా ఆసుపత్రి గడప తొక్కుతున్నారు. అయినా వాళ్లతో ఎలా మాట్లాడాలన్నది మాత్రం చాలాచోట్ల ఎవరి స్వభావాన్ని బట్టి వాళ్లకు వదిలేసిన వ్యవహారమే.

'చేయించుకున్నావా?'

గర్భం దానంతట అది పోయినా, కావాలని తీయించుకున్నా మన వాడుకలో మాట ఒక్కటే... అబార్షన్! ఆసుపత్రి కాగితాల్లోనూ అంతే. తొలినెలల్లో గర్భం తనంతట తానే పోతే 'స్పాంటేనియస్ అబార్షన్', లోపల పిండం ప్రాణం పోయినా బయటికి రాకపోతే 'మిస్డ్ అబార్షన్'. వైద్యులకు అవి ఒట్టి పారిభాషిక పదాలు. కానీ ఆ కాగితం చేతిలో పెట్టుకున్న అమ్మాయికి అది నింద. మందుల షాపులో, ఆఫీసులో, ఒక్కోసారి అత్తింట్లోనూ 'అబార్షన్ చేయించుకున్నావా?' అని అడుగుతారు. అప్పటికే ఇద్దరు ఆడపిల్లలున్న తల్లి అయితే ఆ చూపులు మరీ సూటిగా ఉంటాయి. 'చేయించుకోలేదండీ... అయిపోయింది' అని ఎంతమందికని చెప్పుకొంటుంది!

బ్రిటన్‌లో 1985లోనే కొందరు పేరున్న ప్రసూతి వైద్యులు లాన్సెట్‌కు లేఖ రాశారు. తనంతట తాను పోయిన గర్భానికి అబార్షన్ అన్న మాట వాడటం మానేసి 'మిస్‌క్యారేజ్' అందామన్నారు. అక్కడ ఆ మార్పు క్రమంగా వచ్చింది. మనకు గర్భస్రావం అన్న మాట పుస్తకాల్లో ఉంది. 'గర్భం నిలవలేదు' అన్న చక్కటి మాట అమ్మమ్మల నోట ఉంది. వార్డుల్లో వినిపించేవి మాత్రం వేరు. 'క్లీనింగ్ చేయాలి', 'లోపల ముక్కలు ఉండిపోయాయి', 'ఐదో నంబరు మంచం ఐయూడీ కేసు'... నిన్నటిదాకా పేరు వెతుక్కుంటున్న బిడ్డ ఒక్క పూటలో 'ముక్క' అయిపోతుంది. చెప్పేవాళ్లకు అది రోజూ వాడే భాష. వినేవాళ్లకు జీవితంలో మర్చిపోలేని మాట.

ఇక ఓదార్పు మాటలు. 'ఇంకా చిన్నదానివే, మళ్లీ పుడతార్లే', 'తొలినెలల్లోనే పోయింది నయం', 'చెట్టుకు పూసిన పూలన్నీ కాయలవుతాయా'... వీటిలో దురుద్దేశం ఏమీ ఉండదు. నిజానికి ప్రేమతోనే అంటారు. కానీ ఆ క్షణాన ఆ తల్లికి కావాల్సింది ముందు పుట్టబోయే బిడ్డ గురించిన హామీ కాదు. ఇప్పుడు పోయింది కూడా ఒక బిడ్డేనని ఎవరో ఒకరు ఒప్పుకోవడం.

పక్క మంచం మీద పసిగుడ్డు

ఏడో నెలలోనో, ఎనిమిదో నెలలోనో బిడ్డ కడుపులో చనిపోతే తల్లికి కాన్పు తప్పదు. నొప్పులు రావడానికి మందులిస్తారు. ఒక్కోసారి అది ఒకటి రెండు రోజులు సాగుతుంది. నొప్పులు అందరికీ వచ్చేవే. చివర్లో ఏడుపు మాత్రం వినిపించదు. అప్పుడు ఆమె ఉండేది ఎక్కడ? లేబర్ రూములోనే. తెర అవతల ఒక్కొక్కరే కంటుంటారు. ఒక్కొక్క బిడ్డే కేర్‌మంటుంది. ఈమె కాస్త గట్టిగా ఏడిస్తే 'ఊరుకోమ్మా, పక్కవాళ్లు భయపడతారు' అని మందలింపు.

తర్వాత మార్చేది బాలింతల వార్డుకు. అటు ఉయ్యాల, ఇటు ఉయ్యాల. చూడటానికొచ్చిన చుట్టాలు పంచే మిఠాయి. తెల్లారగానే టీకాల సిస్టర్ వచ్చి జాబితా చూసుకుంటూ 'బిడ్డేదమ్మా? బీసీజీ వేయాలి' అంటుంది. ఆమెకు ఎవరూ చెప్పలేదు మరి! తరవాత డ్యూటీ మారి వచ్చిన నర్సు 'పాలు పడుతున్నాయా?' అంటుంది. ఒక్కో షిఫ్టుకు ఒక్కోసారి ఆ తల్లే తన బిడ్డ లేడని చెప్పుకోవాలి.

దీనికి మందు చాలా చిన్నది. కొన్ని దేశాల్లోని ఆసుపత్రుల్లో ఇలాంటి తల్లి గది తలుపు మీదో, కేస్‌షీటు మీదో ఓ సీతాకోకచిలుక బొమ్మో, కన్నీటి చుక్క ఉన్న ఆకు బొమ్మో అంటిస్తారు. ఊడ్చే మనిషి దగ్గర్నుంచి పెద్ద డాక్టరు దాకా దాన్ని చూడగానే విషయం అర్థమవుతుంది. నవ్వుతూ 'బాబా, పాపా?' అని లోపలికెళ్లరు. మన దగ్గర విడిగా గది ఇవ్వడం అన్నిచోట్లా కుదరకపోవచ్చు. వార్డులో ఓ చివరి మంచం, దానికో తెర, కేస్‌షీటు మీద ఓ గుర్తు... ఇవి ఏ ఆసుపత్రికీ భారం కావు.

ఆఖరి చూపు

'తల్లికి చూపించకండి, బెంగపెట్టుకుంటుంది' అంటారు ఇంట్లో పెద్దలు. ఆసుపత్రివాళ్లూ సరేనంటారు. ఆమె మగతలో ఉండగానే బిడ్డను గుడ్డలో చుట్టి మగవాళ్లకు అప్పగిస్తారు. ఊరి చివర ఎక్కడో పూడ్చిపెట్టి వస్తారు. ఆడో మగో కూడా తల్లికి మర్నాటికి గానీ తెలియదు. చూడాలో వద్దో ఆమెను అడిగినవాళ్లు ఎవరూ ఉండరు.

చూడటం మంచిదా కాదా అన్నదాని మీద పరిశోధకుల్లోనూ భిన్నాభిప్రాయాలున్నాయి. కొందరికి చూస్తేనే మనసు కుదుటపడుతుంది. కొందరు చూడలేరు. అందుకే బలవంతంగా చూపించనూ కూడదు, బలవంతంగా దాచనూ కూడదని ఇప్పుడు చాలాదేశాల్లో అనుసరిస్తున్న పద్ధతి. 'బాబును చూస్తావా అమ్మా? ఇప్పుడే చెప్పక్కర్లేదు, కాసేపాగి అడుగుతాను' అంటే సరిపోతుంది. కొన్నిచోట్ల బిడ్డకు స్నానం చేయించి, బట్ట చుట్టి తల్లి చేతికిస్తారు. చిన్ని పాదం అచ్చు తీసి కాగితం మీద ఇస్తారు. ఇంటికి తీసుకెళ్లడానికి ఆమె దగ్గర ఉండేది అదొక్కటే మరి!

తొలినెలల్లో పోయిన గర్భం విషయంలో ఇంకో చిక్కుంది. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం, బయట బతకగలిగే వయసు రాని పిండాన్ని మిగిలిన శరీరభాగాల్లాగే పసుపు సంచిలో వేసి పంపాలి. రోగాలు వ్యాపించకుండా పెట్టుకున్న నిబంధన అది. దాన్ని ఎవరూ తప్పుపట్టరు. కానీ ఆ సంగతి ముందుగా కూర్చోబెట్టి చెప్పడం వేరు, తల్లి చూస్తుండగానే సంచిలో పడేయడం వేరు.

28 వారాలు దాటి, ప్రాణం లేకుండా పుట్టిన శిశువు వివరాలను 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం కింద నమోదు చేయాలి. ఆసుపత్రిలో జరిగితే ఆ బాధ్యత ఆసుపత్రిదే. ఇది చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. తమ బిడ్డ ఈ లోకంలోకి వచ్చినట్టు ఒక్క కాగితమైనా ఉంటుందని చెప్పేవాళ్లు లేకపోవడమే కారణం.

పాలు ఆగవు...

డిశ్చార్జి రోజు ఇచ్చే సలహాలు సాధారణంగా మూడే. మాత్రలు వేసుకో, బరువులెత్తకు, పదిహేను రోజులకు రా. ఇంటికెళ్లిన రెండు మూడు రోజులకు అసలు కష్టం మొదలవుతుంది. తల్లికి చేపు వస్తుంది. రొమ్ములు బిగుసుకుపోయి, జాకెట్టు తడిసిపోయి... తాగడానికి బిడ్డ లేకపోయినా పాలకు ఆ సంగతి తెలియదు కదా! ఐదారు నెలల గర్భం పోయినవాళ్లకూ ఇలా జరగొచ్చు. ఆ రాత్రి ఆమె పడే వేదనకు ఏ మాటా చాలదు. ముందే తెలిసుంటే కనీసం ఉలిక్కిపడేది కాదు. పాలు ఆగడానికి మందులున్నాయి. బీపీ లాంటి సమస్యలున్నవాళ్లకు అవి పడకపోవచ్చు కాబట్టి డాక్టరే నిర్ణయించాలి. మందు వద్దనుకుంటే బిగుతైన లోదుస్తులు, చల్లటి కాపడం ఉపశమనాన్నిస్తాయి. ఇవి చెప్పడానికి రెండు నిమిషాలు చాలు.

చెప్పకుండా వదిలేసేవి ఇంకా ఉన్నాయి. 'ఎందుకిలా జరిగింది?' అన్నది అందులో మొదటిది. జవాబు దొరక్కపోతే ఆ తల్లి తన మీదే వేసుకుంటుంది. బొప్పాయి తిన్నందుకేమో, బిందె ఎత్తినందుకేమో, బస్సెక్కినందుకేమో... ఇంట్లోవాళ్లు కూడా ఆ జాబితాకు తలో మాటా కలుపుతారు. నిజానికి తొలినెలల్లో పోయే గర్భాల్లో సగం దాకా పిండంలోని క్రోమోజోముల లోపం వల్లే పోతాయి. రోజువారీ ఇంటిపని వల్లో, మెట్లెక్కడం వల్లో పోవు. 'ఇది నీ తప్పు కాదమ్మా' అని తెల్లకోటు వేసుకున్న మనిషి ఒక్కమాట చెబితే, అదీ అత్తగారి ముందు చెబితే, దానికున్న బలం ఏ మాత్రకూ ఉండదు.

ఆ గాయం మనసులో ఎంతకాలం ఉంటుందో లండన్ పరిశోధకులు కొలిచి చూశారు. అక్కడి మూడు ఆసుపత్రుల్లో తొలినెలల్లో గర్భం కోల్పోయిన 650 మందికి పైగా మహిళల మీద చేసిన ఆ అధ్యయనం 2020లో వెలువడింది. పెద్ద ప్రమాదం నుంచి బయటపడ్డవాళ్లను వేధించే పీడకలలు, ఉలికిపాట్ల వంటి లక్షణాలు నెల తర్వాత 29 శాతం మందిలో కనిపించాయి. తొమ్మిది నెలలు గడిచినా 18 శాతం మందిని అవి వదల్లేదు. 'రెండు వారాల్లో మామూలైపోతుంది' అన్న మాట ఎంత పొరపాటో దీన్నిబట్టే తెలుస్తుంది.

నాన్ననూ అడగండి

ఈ మొత్తం వ్యవహారంలో ఎవరికీ గుర్తుండని మనిషి ఒకరున్నారు... తండ్రి. బిల్లు కట్టేది అతనే. సంతకాలు పెట్టేది అతనే. చిన్న మూటను చేతుల్లోకి తీసుకుని శ్మశానానికి వెళ్లేదీ అతనే. తిరిగొచ్చి భార్యకు ధైర్యం చెప్పాలి. 'నువ్వెలా ఉన్నావురా?' అని మాత్రం ఎవరూ అడగరు. లేబర్ రూము బయట అతనికి విషయం చెప్పే తీరూ అంతే. 'ఫలానా అమ్మాయి తాలూకు ఎవరు? బేబీ ఎక్స్‌పైర్డ్. ఇక్కడ సైన్ చేయండి.' చుట్టూ నలభైమంది వింటుండగా!

వాళ్లూ మనుషులే

అలాగని డాక్టర్లూ నర్సులూ రాతిగుండెలవాళ్లనుకుంటే పొరపాటు. పెద్ద ప్రభుత్వాసుపత్రి లేబర్ రూములో ఒక్క రాత్రి నిలబడి చూస్తే తెలుస్తుంది. ఒకే నర్సు ఒక చేత్తో రక్తస్రావం చూస్తూ, మరో చేత్తో కేస్‌షీటు రాస్తూ, ఇంకో మంచం మీదామెకు కేక వేసి చెబుతూ ఉంటుంది. అక్కడ కన్నీళ్లు పెట్టుకునే తీరికా ఉండదు. కొందరైతే బాధను దిగమింగడానికే గొంతు కఠినం చేసుకుంటారు.

అసలు లోపం శిక్షణలో ఉంది. చెడు కబురు ఎలా చెప్పాలన్నది మన వైద్యవిద్యలో చాలాకాలం పాఠమే కాదు. సీనియర్లను చూసి నేర్చుకోవాల్సిందే. సీనియరు కసురుకుంటే జూనియరూ కసురుకోవడమే నేర్చుకుంటాడు. 2019లో మారిన ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో నడవడిక, నైతికత, రోగితో సంభాషణ గురించి ప్రత్యేక పాఠాలు చేర్చారు. ఆ తరం డాక్టర్లు ఇప్పుడిప్పుడే వార్డుల్లోకి వస్తున్నారు. చెడు కబురు చెప్పడానికి క్యాన్సర్ వైద్యులు 2000లో ఆరుమెట్ల పద్ధతి ఒకటి రూపొందించారు. చాటుగా కూర్చోబెట్టడం, అప్పటికి వాళ్లకేం తెలుసో అడగడం, ఎంతవరకు వినాలనుకుంటున్నారో తెలుసుకోవడం, తేలిక మాటల్లో చెప్పడం, వాళ్ల దుఃఖానికి సమయమివ్వడం, తర్వాత ఏం చేయాలో వివరించడం. ప్రసూతి వార్డుకూ ఇది అతికినట్టు సరిపోతుంది.

దారి ఉంది

కాన్పు గదుల్లో మర్యాద గురించి ప్రభుత్వ కాగితాలు మంచి మాటలే చెబుతున్నాయి. ప్రసవ సమయంలో తోడుగా ఒక ఆడమనిషిని ఉండనివ్వాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లోనే ప్రభుత్వాసుపత్రులకు మార్గదర్శకాలిచ్చింది. 2017 డిసెంబరులో మొదలైన 'లక్ష్య' కార్యక్రమం లేబర్ రూముల నాణ్యతతోపాటు తల్లుల గౌరవాన్నీ లెక్కలోకి తీసుకుంది. 2019లో వచ్చిన 'సుమన్' పథకం గౌరవప్రదమైన వైద్యాన్ని తల్లి హక్కుగా ప్రకటించింది. ఇవన్నీ ప్రధానంగా బతికున్న బిడ్డతో ఇంటికెళ్లే తల్లిని దృష్టిలో పెట్టుకున్నవి. ఒట్టి చేతులతో వెళ్లే తల్లికీ అవే వర్తిస్తాయని వార్డులో గుర్తుచేయాలి.

బయట దేశాలు మరో అడుగు వేశాయి. గర్భం ఏ నెలలో పోయినా భార్యాభర్తలిద్దరికీ మూడురోజుల సంతాప సెలవు ఇవ్వాలని న్యూజిలాండ్ 2021లో చట్టం చేసింది. 24 వారాల్లోపు బిడ్డను కోల్పోయినవాళ్లు కోరుకుంటే ఒక ధ్రువపత్రం ఇచ్చే పద్ధతిని ఇంగ్లండ్ 2024 ఫిబ్రవరిలో మొదలుపెట్టింది. ఏటా అక్టోబరు 15న చాలాదేశాల్లో ఇలాంటి బిడ్డలను తలచుకుంటూ దీపాలు వెలిగిస్తారు. మన దగ్గర చట్టాలు రావడానికి సమయం పట్టవచ్చు. రేపు ఉదయం డ్యూటీకెళ్లే నర్సు ఓ కుర్చీ లాక్కుని ఆ మంచం పక్కన కూర్చోవడానికి మాత్రం ఏ జీవో అక్కర్లేదు.

అడగండి... ఇవి మీ హక్కులే!

* గుండె చప్పుడు లేదన్నారా? తొలివారాల్లో అనుమానం ఉంటే కొన్నిరోజులాగి మళ్లీ స్కాన్ చేయమని అడగొచ్చు. ఆగి చూడటం, మాత్రలు, చిన్న శస్త్రచికిత్స... వీటిలో మీకు ఏవి వీలవుతాయో, ఎందుకో చెప్పమనండి.

* తల్లి రక్తం నెగెటివ్ గ్రూపు అయితే యాంటీ-డి ఇంజక్షన్ అవసరమా అని తప్పకుండా అడగండి. అవసరమైతే 72 గంటల్లోపు తీసుకోవాలి.

* ఇంటికెళ్లాక జ్వరం, దుర్వాసన, ఆగని కడుపునొప్పి, గంటకో ప్యాడ్ తడిసిపోయేంత రక్తస్రావం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

* కేస్‌షీటు, పరీక్షల నకళ్లు కోరితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యమండలి 2002 నిబంధనలు చెబుతున్నాయి. తర్వాతి కాన్పుకు అవి చాలా అవసరం.

* మర్యాద, చాటు, సమాచారం రోగి హక్కులని జాతీయ మానవహక్కుల కమిషన్ రూపొందించిన హక్కుల పత్రం చెబుతోంది. కేంద్ర ఆరోగ్యశాఖ 2019లో దీన్ని రాష్ట్రాలకు పంపింది.

* ఉద్యోగినులకు గర్భస్రావం తర్వాత వేతనంతో కూడిన ఆరు వారాల సెలవు ఉంది. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టంలోని ఈ హక్కు 2020 సామాజిక భద్రత కోడ్‌లోనూ ఉంది. బిడ్డ మృతి చెంది పుట్టినా, పుట్టగానే పోయినా కేంద్రప్రభుత్వ ఉద్యోగినులకు 60 రోజుల ప్రత్యేక సెలవు ఇవ్వాలని 2022లో ఉత్తర్వులొచ్చాయి.

* నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా ఆలస్యం చేయొద్దు. ప్రభుత్వ టెలీ-మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇంట్లోవాళ్లకు...

* 'ఏం తిన్నావు, ఎక్కడ తిరిగావు' అని ఆరాలు వద్దు. 'మాకూ బాధగానే ఉంది' అంటే చాలు.

* ఆమెను అడక్కుండా ఉయ్యాలా, చిట్టి బట్టలూ తీసి దాచేయకండి. ఎప్పుడు తీయాలో ఆమెనే చెప్పనివ్వండి.

* గర్భిణులకు వారం వారం వచ్చే ఫోన్ సందేశాలు, టీకాల గుర్తింపులు ఆగేలా చూడండి. ఆశా కార్యకర్తకు విషయం మీరే ముందుగా చెప్పండి.

* కాన్పుకు ఇచ్చిన తేదీ గుర్తుంచుకోండి. ఆ రోజు ఆమెను ఒంటరిగా వదలకండి.